వారంటీ అయిపోయాక అడాస్ మొత్తం పోయింది, లక్షా 42 వేల ఎస్టిమేట్ ఇచ్చారు. ఏం చేయమంటారు?

మియాపూర్ శ్రీను | జూలై 8, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

2021 చివర్లో కొన్న ఎస్‌యూవీ నాది. లెవెల్ 2 అడాస్ (కెమెరా, రాడార్‌తో రోడ్డు చూసి డ్రైవర్‌కు సాయపడే సిస్టమ్) ఉంది. ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. మూడేళ్ల వారంటీ అయిపోయి ఆరు నెలలు దాటింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని సేల్స్ అబ్బాయి మొత్తుకున్నాడు. ఏమవుతుందిలే అనుకున్నా.

మొన్న ఆదివారం విజయవాడ నుంచి వస్తున్నాం. చిట్యాల దాటాం, సన్నగా వాన. 85 మీద అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తనే సర్దుకునేది) పెట్టాను. ముందు రోడ్డు ఖాళీ, పక్క లేన్‌లో మాత్రం ట్యాంకర్ ఒకటి పోతోంది. కారు ఉన్నట్టుండి తనే గట్టిగా బ్రేకు కొట్టింది. వెనక సీట్లో నిద్రపోతున్న అమ్మ బెల్టుకు వేలాడి లేచింది. మా వెనక వస్తున్న లారీ డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు, పాపం ఆయన తప్పేముంది. ఐదు నిమిషాలకు డాష్‌బోర్డు మీద వరసగా పసుపు లైట్లు. క్రూజ్ లేదు, ఎమర్జెన్సీ బ్రేక్ లేదు, ముందు రాడార్‌ను చెక్ చేయించుకోమని మెసేజ్. అప్పటినుంచి పొద్దున స్టార్ట్ చేస్తే ఒక్కోసారి అన్నీ మామూలుగా ఉంటాయి. గుంతలో పడితేనో వాన పడితేనో మళ్లీ మొదలు.

సర్వీస్ సెంటర్‌లో గంటసేపు చూసి రాడార్ మాడ్యూల్ పోయిందన్నారు. మార్చాలట. పార్టు, కాలిబ్రేషన్ (రాడార్ దిక్కు సరిచేయడం), లేబర్ అన్నీ కలిపి 1,42,000. పార్టు రావడానికి మూడు వారాలు. "వారంటీలో ఉంటే మాకూ బాగుండేది సార్" అని సానుభూతి ఒకటి ఉచితం.

అంత పెట్టాలా? పెట్టకుండా ఇలాగే నడపొచ్చా? బయట ఎవరైనా చేస్తారా?

మోడరేటర్ | జూలై 8, రాత్రి 10:30

స్వాగతం శ్రీను గారూ. అందరికీ మనవి: కారు కంపెనీ, షోరూమ్, వర్క్‌షాప్ పేర్లు, ఫోన్ నంబర్లు ఈ థ్రెడ్‌లో వద్దు. సమస్య గురించి మాట్లాడుకుందాం.

పాత స్టీరింగు | జూలై 8, రాత్రి 10:41

నేను ఆర్టీసీలో రిటైర్ అయినవాణ్ణి. పవర్ స్టీరింగ్ లేని బస్సుతో శ్రీశైలం ఘాట్ ఎక్కించిన చేతులివి. బాబూ, ఆ సిస్టమ్ మొత్తం ఆఫ్ చేసి హాయిగా నడుపుకో. బ్రేకు కాలి కింద ఉండాలి గానీ కంప్యూటర్ చేతిలో ఎందుకు? లక్షా 42 వేలు పెడితే మా మనవరాలి కాలేజీ ఫీజు ఒక ఏడాది తీరుతుంది.

ఆటోనగర్ అన్న | జూలై 8, రాత్రి 11:05

తమ్ముడూ, పరేషాన్ గాకు. ముందు మూడు ముక్కలు చెప్పు.

స్కానర్ పెట్టినప్పుడు వచ్చిన కోడ్ ఏంటి? "రాడార్ పోయింది" అనేది కోడ్ కాదు, అది వాళ్ల అభిప్రాయం. ఇంగ్లీషు యూ అక్షరంతో మొదలైతే కమ్యూనికేషన్ తెగిపోయిందని, సీతో మొదలైతే చాసిస్ వైపు, బీ అయితే బాడీ. జాబ్ కార్డుతో పాటు ఆ స్కాన్ రిపోర్టు ప్రింట్ ఇమ్మను. డబ్బు కట్టించుకున్నారు కదా, అడిగి తీసుకో.

రెండోది, ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు, ఈఎస్‌పీ (బండి జారిపోకుండా చూసేది) లైటు కూడా వెలుగుతున్నాయా? అవి ఆరిపోయి ఉండి అడాస్ లైట్లు మాత్రమే ఉంటే నీ మామూలు బ్రేకులకు, ఏబీఎస్‌కు ఢోకా లేదు. అవీ వెలిగితే కథ వేరే, అప్పుడు బండిని దూరం తీసుకుపోకు.

మూడోది నిజం చెప్పాలి. ఈ మధ్య ముందు బంపర్‌కు ఏమైనా తగిలిందా? ఎక్కడైనా బంపర్ విప్పించావా?

రాడార్ మేడమ్ | జూలై 8, రాత్రి 11:48

శ్రీను గారూ, నేను హైటెక్ సిటీలో ఈ సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తాను. మీ కంపెనీది కాదు. అన్న అడిగిన మూడో ప్రశ్న అసలైనది.

మీ కారుకు ముందు రెండు కళ్లు. ముందు అద్దం (విండ్‌షీల్డ్) వెనక కెమెరా రోడ్డు గీతల్ని, బండ్ల ఆకారాన్ని చూస్తుంది. బంపర్ కింది గ్రిల్ వెనకుండే రాడార్ దూరాన్ని, వేగాన్ని కొలుస్తుంది. 77 గిగాహెర్ట్జ్ తరంగం అది, అలల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే దానికి దిక్కు చాలా ముఖ్యం. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకోండి, 100 మీటర్ల అవతల దాదాపు 1.75 మీటర్లు తప్పుగా చూస్తుంది. మన హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేన్ అటు జరిగినట్టే. పక్క లేన్‌లో పోతున్న ట్యాంకర్ మీ లేన్‌లో ఉన్నట్టు కనబడుతుంది. మీ ఆదివారం బ్రేకు కథ నాకు అచ్చం అలాగే వినిపిస్తోంది.

ఇంకో మాట. వచ్చిపోతూ ఉండే సిస్టమ్ పూర్తిగా చచ్చిన సిస్టమ్ కంటే ప్రమాదం. చచ్చిపోతే మీ కాలు సిద్ధంగా ఉంటుంది. వచ్చిపోతుంటే పొద్దున పనిచేసింది కదా అని మీరు నమ్ముతారు. తేలేదాకా క్రూజ్ వాడకండి. మెనూలో ఎమర్జెన్సీ బ్రేక్‌ను ఆఫ్ చేయండి. చాలా కార్లలో ప్రతిసారి స్టార్ట్ చేయగానే అది తనే ఆన్ అవుతుంది, కాబట్టి రోజూ చూసుకోవాలి.

మియాపూర్ శ్రీను | జూలై 9, ఉదయం 7:20

అన్నా, మేడమ్, దండాలు. ఏబీఎస్, ఈఎస్‌పీ లైట్లు లేవు.

బంపర్ సంగతి దాచుదామనుకోలేదు, గుర్తే లేదు. మేలో మూసాపేట సిగ్నల్ దగ్గర ఆటో ఒకటి వెనక్కి జరిగి గుద్దింది. చిన్న గీత, నంబర్ ప్లేటు వంగింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని ఇంటి దగ్గర పెయింటర్‌తో 4,000కి చేయించాను. అతను బంపర్ విప్పే పెయింట్ కొట్టాడు. అప్పుడు లైట్లేవీ రాలేదు మరి. రెండు నెలలు బాగానే ఉంది కదా?

బంపర్ సర్వేయర్ | జూలై 9, ఉదయం 8:02

ఇన్సూరెన్స్ సర్వేలు చేస్తాను, నా మాట కూడా వినండి. మీరు మే నెలలోనే క్లెయిమ్ పెట్టి ఉంటే బ్రాకెట్, రాడార్ చెకింగ్, కాలిబ్రేషన్ అన్నీ ఎస్టిమేట్‌లో రాయించి అడిగే అవకాశం ఉండేది. ఇప్పుడు "లైటు వచ్చింది" అని క్లెయిమ్ పెడితే అది ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కిందికి పోతుంది, మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. చేతులు కాలాక ఆకులు అంటే ఇదే.

మిగతావాళ్లకు చెబుతున్నా. ముందు అద్దం పగిలి మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్ ఖర్చు ఎస్టిమేట్‌లో విడిగా రాసి ఉందో లేదో చూసుకోండి. గాజుకు డిప్రిసియేషన్ కోత ఉండదు, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోత ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్కే. జీరో డెప్ (ఆ కోత లేకుండా అదనంగా తీసుకునే కవర్) ఉంటే ఆ సగం బాధ తప్పుతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే బోనస్ 50 శాతం దాకా వెళ్తుంది, నిజమే. కానీ 4,000కి చేయించిన పని ఇవాళ ఎక్కడ తేలిందో చూశారుగా.

దిల్‌సుఖ్‌నగర్ చందు | జూలై 9, ఉదయం 11:15

నేను పడిన గుంతలో మీరు పడొద్దని రాస్తున్నా. నిరుడు నా కారుకు ఇదే గోల. ప్రమాదంలో నుజ్జయిన అదే మోడల్ బండి నుంచి తీసిన రాడార్ 22,000కి దొరికింది. పార్ట్ నంబర్ అక్షరం అక్షరం సరిపోయింది. బిగించాం. కారు దాన్ని ఒప్పుకోలేదు! ఆ మాడ్యూల్‌లో పాత బండి చాసిస్ నంబర్ రాసి ఉందట. కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ చేసి కోడింగ్ చేస్తేనే తీసుకుంటుందట. సర్వీస్ సెంటర్‌కు పోతే బయట కొన్న పార్టుకు కోడింగ్ చేయం అన్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. 22,000 పెట్టిన ఆ నల్లడబ్బా ఇప్పుడు మా బీరువా మీద ఉంది. మా ఆవిడ దుమ్ము దులిపినప్పుడల్లా నా వంక ఒక చూపు చూస్తుంది.

రాణిగంజ్‌లో బేరింగులు కొన్నట్టు ఇవి కొనే వస్తువులు కావు.

నల్లగండ్ల డాక్టరమ్మ | జూలై 9, మధ్యాహ్నం 2:40

మాది ఇంకో రకం. లైట్లన్నీ ఒకేసారి వచ్చాయి: ఏబీఎస్, ఈఎస్‌పీ, హిల్ హోల్డ్, క్రూజ్, ఎమర్జెన్సీ బ్రేక్. కెమెరా, రాడార్ రెండూ పోయాయేమోనని గుండె జారింది. చూస్తే వెనక ఎడమ చక్రం దగ్గర వీల్ స్పీడ్ సెన్సర్ వైరును ఎలుక కొరికేసింది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలియకపోతే పై సిస్టమ్‌లు అన్నీ చేతులెత్తేస్తాయట. సెన్సర్ వైరుతో సహా మార్చితే అన్నీ ఆరిపోయాయి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చెత్త డబ్బాల పక్కనే పార్కింగ్. నాఫ్తలీన్ ఉండలు పెట్టాను, ఎవరో చెబితే పొగాకు కాడలు బానెట్‌లో కట్టాను. వాసనకు నేనే కారెక్కలేకపోయాను గానీ ఎలుకలు మాత్రం మకాం మార్చలేదు. చివరికి అసోసియేషన్‌తో పోట్లాడి చెత్త డబ్బాలు గేటు దగ్గరికి మార్పించాను. అప్పుడు తగ్గాయి.

పాత స్టీరింగు | జూలై 9, సాయంత్రం 5:10

అమ్మా, ఎలుకల విషయంలో మా డిపోలో పిల్లిని పెంచేవాళ్లం. కోడింగ్ అక్కర్లేదు.

కొంపల్లి కిరణ్ | జూలై 9, సాయంత్రం 6:25

నవ్వుకుంటారేమో గానీ చెప్పాలి. పోయిన దసరాకు మా కారుకు పూజ చేసి బంతిపూల దండ గ్రిల్‌కు అడ్డంగా కట్టాం. రాడార్ మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టారు మా పెద్దమ్మ. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కగానే "ముందు సెన్సర్ మూసుకుపోయింది" అని మెసేజ్. నేను పోయి సర్వీస్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నా. మర్నాడు దండ వాడిపోయి ఊడి పడింది, మెసేజ్ పోయింది.

రాడార్ మేడమ్ | జూలై 9, రాత్రి 9:30

కిరణ్ గారూ, నవ్వే విషయం కాదు, సరైన ఉదాహరణ. నీళ్లు ఈ తరంగాన్ని బాగా మింగేస్తాయి. తాజా బంతిపూల దండ అంటే తడి గోడే. నిమ్మకాయ, మిరపకాయల దండలు, బురద, ముందు బిగించే ఇనుప గార్డులు అన్నిటిదీ అదే కథ. కెమెరాకైతే అద్దం లోపలివైపు పేరుకునే జిడ్డు పొర, డాష్‌బోర్డు మీద పెట్టుకున్న మెరిసే విగ్రహాల ప్రతిబింబం, కెమెరా ముందు అంటించిన ఫాస్టాగ్. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు, ముందు ఇవి చూసుకున్నాకే వర్క్‌షాప్‌కు వెళ్లాలి.

శ్రీను గారు అడిగిన దానికి: రెండు నెలలు బాగానే ఎందుకుంది? రాడార్ నడుస్తూ నడుస్తూ తన దిక్కును తనే కొంతవరకు సరిచేసుకుంటుంది. బ్రాకెట్ కొద్దిగా వంగితే సాఫ్ట్‌వేర్ సర్దుకుంటూ వస్తుంది, హద్దు దాటితే చేతులెత్తేస్తుంది. ఇంకా వదులవుతున్న బ్రాకెట్ అయితే నెమ్మదిగానే బయటపడుతుంది. ఇక వానకు, గుంతలకు లైట్లు రావడం మాత్రం కనెక్షన్ సమస్యలా ఉంది. కోడ్ పెట్టండి.

మియాపూర్ శ్రీను | జూలై 11, సాయంత్రం 4:18

రెండు రోజులు తిరిగితే ప్రింట్ ఇచ్చారు. కోడ్ యూ0235. "ఫ్రంట్ డిస్టెన్స్ సెన్సర్‌తో కమ్యూనికేషన్ లేదు" అని ఉంది. పక్కనే "ఇంటర్మిటెంట్", అంటే వచ్చిపోతోందని ఉంది.

ఆటోనగర్ అన్న | జూలై 11, సాయంత్రం 4:31

చూసినవా తమ్ముడూ. ఆ కోడ్ రాడార్ పోయిందని చెప్పట్లేదు. "రాడార్ నాతో మాట్లాడట్లేదు" అని మిగతా కంప్యూటర్ చెబుతోంది. ఫోన్ ఎత్తకపోతే మనిషి చచ్చిపోయినట్టా? ఛార్జింగ్ లేకపోవచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. ఆదివారం పొద్దున బండి తీసుకురా. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు, ముందు గోరు పెట్టి చూద్దాం.

మియాపూర్ శ్రీను | జూలై 13, రాత్రి 9:55

ఈ పోస్టు కాస్త వివరంగా రాస్తాను, నాలాంటివాళ్లకు పనికొస్తుంది.

పొద్దున ఎనిమిదింటికి వనస్థలిపురం వైపు ఆటోనగర్‌లో అన్న షెడ్డుకు వెళ్లాను. ముందు బ్యాటరీ చూశాడు, 12.5 వోల్టులు, బాగుంది. బ్యాటరీ నీరసించినా ఇలాంటి లైట్లు వరసగా వస్తాయట, అందుకే ముందు అది. తర్వాత బంపర్ విప్పాడు. అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ బ్రాకెట్. బ్రాకెట్‌కు మూడు చెవులు ఉండాలి. ఒకటి విరిగిపోయి ఉంది. మా పెయింటర్ మహానుభావుడు దాన్ని కేబుల్ టైతో కట్టేశాడు. ఎడమవైపు కొద్దిగా వాలి ఉంది, అన్న చూపించేదాకా నా కంటికి ఆనలేదు.

తర్వాత కనెక్టర్ లాగాడు. లోపల నుంచి చుక్క నీళ్లు కారాయి. రబ్బరు సీలు సగం బయటికి మడతపడి ఉంది, సరిగ్గా కూర్చోబెట్టకుండానే నొక్కేశారు. పిన్నుల్లో ఒకదాని మీద పచ్చగా చిలుము, మా నాయనమ్మ ఇత్తడి బిందె అడుగున ఉండేలాంటిది.

ఇక్కడ అన్న చేసిన పని నాకు భలే నచ్చింది. మల్టీమీటర్ పెడితే ఆ పిన్ను దగ్గర 12.3 చూపించింది. నేను "కరెంటు వస్తోందిగా" అన్నాను. అన్న నవ్వి, పాత ఇండికేటర్ బల్బు ఒకటి, 21 వాట్లది, రెండు వైర్లతో అక్కడ కలిపాడు. బల్బు మినుకుమంది, మీటర్ 8.1కి పడిపోయింది. "పని చెప్పకపోతే అందరూ బలవంతులే. బరువు పెడితే తెలుస్తుంది" అన్నాడు. చిలుము పట్టిన పిన్నులోంచి కొద్దిపాటి కరెంటు వస్తుంది, రాడార్ పూర్తిగా లేచి పని మొదలుపెట్టగానే వోల్టేజ్ కూలిపోయి అది పడుకుంటుంది. వానకు, కుదుపుకు ఇంకా ఎక్కువ.

ఆ తర్వాత బ్యాటరీ తీగ పీకి, కమ్యూనికేషన్ వైర్లు రెండిటి మధ్య రెసిస్టెన్స్ కొలిచాడు. 60 ఓమ్స్ రావాలి, 60 వచ్చింది. కాబట్టి ఆ వైర్లు బాగున్నాయి. చిలుము పట్టిన పిన్ను, దాని వెనక రెండంగుళాల వైరు కోసేసి కొత్తది వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, సీలు మార్చి, గ్రీజు పెట్టాడు. మొత్తం 2,800.

స్టార్ట్ చేస్తే యూ0235 పోయింది. రాడార్ మాట్లాడుతోంది! కానీ మాట్లాడిన మొదటి మాట "నా దిక్కు సరిగ్గా లేదు" అని. అలైన్‌మెంట్ కోడ్ వచ్చింది. కొత్త బ్రాకెట్ కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో 3,450, నాలుగు రోజుల్లో వస్తుందట.

ఒక్కటే అడుగుతున్నా. సర్వీస్ సెంటర్‌వాళ్లు 1,42,000 పెట్టి కొత్త రాడార్‌ను అదే చిలుము కనెక్టర్‌కు తగిలించి ఉంటే ఏమయ్యేది?

దిల్‌సుఖ్‌నగర్ చందు | జూలై 13, రాత్రి 10:07

మీ బీరువా మీద కూడా ఒకటి చేరేది.

ఆటోనగర్ అన్న | జూలై 13, రాత్రి 10:20

వాళ్లనే అనకు తమ్ముడూ. అక్కడ కుర్రాడికి గంటలో నాలుగు బండ్లు చూడాలి. కోడ్ వస్తే చార్టులో పార్టు పేరు ఉంటుంది, అదే రాస్తాడు. బంపర్ విప్పే టైం ఎవరిస్తారు వాళ్లకు?

కాలిబ్రేషన్ మాత్రం నేను చేయను, ముందే చెబుతున్నా. నా షెడ్డు నేల సమంగా లేదు, టార్గెట్ బోర్డు లేదు. చేస్తామని చెప్పే బయటివాళ్లలో కొందరు కోడ్ చెరిపేసి పంపిస్తారు. లైటు ఆరుతుంది, దిక్కు మారదు. అది లైటు వెలగడం కంటే అన్యాయం.

నల్లకోటు | జూలై 14, ఉదయం 9:12

వృత్తిరీత్యా లాయర్‌ని. వారంటీ అయిపోయిందంటే హక్కులన్నీ అయిపోయాయని కాదు.

ఒకటి, రీకాల్. భద్రతకు సంబంధించిన లోపం అయితే కంపెనీ రీకాల్‌కు, వారంటీకి సంబంధం లేదు. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రీకాల్ నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబర్ కొట్టి పెండింగ్ రీకాల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా ఉందేమో చూడండి. రెండు నిమిషాల పని.

రెండు, తప్పుడు రోగనిర్ధారణ. డబ్బు తీసుకుని అక్కర్లేని పార్టు మార్చితే అది సేవాలోపం, వారంటీతో నిమిత్తం లేని కొత్త వ్యవహారం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, నాంపల్లి దాకా తిరగకుండా ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా తగాదాలు అక్కడే తెగుతాయి.

అయితే "తయారీ లోపం" అని వాదించాలంటే నిపుణుడి రిపోర్టు కావాలి. శ్రీను గారి కేసులో పెయింటర్ విరగ్గొట్టిన బ్రాకెట్‌తో కోర్టుకు పోతే కంపెనీ లాయర్ పండగ చేసుకుంటాడు. పోకండి. ఎవరైనా సరే జాబ్ కార్డు, స్కాన్ ప్రింట్ దాచుకోండి, పార్టు మార్చితే పాతది అడిగి తెచ్చుకోండి. కొత్త పార్టుకు వారంటీ ఎంతో బిల్లు మీదే రాయించుకోండి.

బంపర్ సర్వేయర్ | జూలై 14, ఉదయం 9:40

దీనికి ఒకటి కలుపుతా. వారంటీ దాటి ఎక్కువ కాలం కాకపోతే, సర్వీసులన్నీ అక్కడే చేయించి ఉంటే, గుడ్‌విల్ కింద కొంత భరించమని కంపెనీకి మెయిల్ పెట్టండి. డీలర్‌కు కాదు, కంపెనీకి. ఇవ్వాలని రూలేమీ లేదు, కానీ అడిగినవాళ్లకు పార్టు ధరలో కొంత తగ్గించిన కేసులు నేనే చూశాను. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ ఇవ్వరు.

మియాపూర్ శ్రీను | జూలై 20, సాయంత్రం 7:35

కాలిబ్రేషన్ అయింది. దానికి జరిగిన తతంగం చెబుతాను.

నా పాత సర్వీస్ సెంటర్‌లో "పార్టు మా దగ్గర మార్చితేనే కాలిబ్రేషన్ చేస్తాం" అన్నారు. బ్రాకెట్ మీ కౌంటర్‌లోదే కదా అంటే మేనేజర్ లేడన్నారు. ఊరికి అవతలి వైపు అదే కంపెనీ ఇంకో బ్రాంచ్‌కు ఫోన్ చేస్తే రమ్మన్నారు. 6,500, జీఎస్టీతో 7,670.

అక్కడి టెక్నీషియన్ నన్ను లోపలికి రానిచ్చాడు. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూశాడు. డిక్కీలో ఉన్న పాతిక కిలోల బియ్యం బస్తా దింపించాడు. బండి వెనక దిగితే ముందు రాడార్ ఆకాశం వైపు చూస్తుందట! తర్వాత కారు మధ్యగీతకు సరిగ్గా ఎదురుగా, టేపుతో కొలిచిన దూరంలో స్టాండు మీద లోహపు టార్గెట్ నిలబెట్టాడు. లేజర్ గీత లోగో మీద పడేదాకా అటూ ఇటూ జరిపాడు. ఈ సర్దుడుకే నలభై నిమిషాలు, స్కానర్ పని ఐదు నిమిషాలు. తర్వాత ఓఆర్ఆర్ మీద ఇరవై నిమిషాలు నడిపి వచ్చాడు. ముందు, తర్వాత రిపోర్టులు రెండూ ఇచ్చాడు. ముందు రిపోర్టులో అడ్డంగా 1.6 డిగ్రీల తేడా ఉంది.

ఖర్చు మొత్తం: 2,800, 3,450, 7,670. కలిపితే 13,920. మా పెయింటర్‌కు ఇచ్చిన 4,000 ఇందులో వేయలేదు, అది తలుచుకుంటే బీపీ వస్తుంది.

పాత స్టీరింగు | జూలై 20, రాత్రి 8:15

సంతోషం బాబూ. అయినా నా మాట నాదే. ఇన్ని తిప్పలు పడి బాగు చేసుకున్నది మన రోడ్ల మీద ఎంత పనికొస్తుంది? ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టరు, లైటు లేకుండా రోడ్డు మీద ఆగిన లారీ, డివైడర్ మధ్యలో గేదె. దానికి ఇవన్నీ తెలుసా?

రాడార్ మేడమ్ | జూలై 20, రాత్రి 9:02

బాబాయ్ గారూ, ఆగిన లారీ విషయంలో మీతో నూరు శాతం ఏకీభవిస్తాను. సిస్టమ్ బాగున్నప్పుడు కూడా హైవే స్పీడులో ఆగి ఉన్న లారీని పట్టుకుంటుందని నమ్ముకోకూడదు. రోడ్డు పక్క బోర్డులు, రెయిలింగులు, ఫ్లైఓవర్ జాయింట్లు అన్నీ కదలని ఇనుమే. అన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకు పోదు కాబట్టి కదలనివాటిని సాఫ్ట్‌వేర్ చాలావరకు వడగట్టేస్తుంది. మాన్యువల్‌లో ఇది రాసే ఉంటుంది, ఎవరూ ఆ పేజీ తెరవరు. 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రాత్రి ఆ లారీ కనబడేసరికి మిగిలేది రెండు మూడు సెకన్లే.

కానీ ఐటీ కారిడార్‌లో సాయంత్రం ఏడింటికి, ముందు కారు ఆగుతూ కదులుతూ ఉంటే, అలసిపోయిన మనిషి ఫోన్ వంక ఒక్క క్షణం చూస్తాడు చూడండి, అక్కడ పనికొస్తుంది. నా మట్టుకు అక్కడ రెండుసార్లు కాపాడింది. నేను ఫోన్ చూశానని మా ఇంట్లో చెప్పకండి.

పాత స్టీరింగు | జూలై 20, రాత్రి 9:20

చెప్పనులే అమ్మా. ఫోన్ మాత్రం చూడకు.

నల్లగండ్ల డాక్టరమ్మ | జూలై 21, ఉదయం 6:50

శ్రీను గారూ, కెమెరా సంగతేమైంది? లేన్ అసిస్ట్ (కెమెరాతో గీతలు చూసి కారును లేన్‌లో ఉంచేది) వచ్చిందా?

మియాపూర్ శ్రీను | జూలై 21, ఉదయం 8:30

వచ్చింది గానీ పూర్తిగా కాదు మేడమ్. ఓఆర్ఆర్ మీద బాగుంది. మా కాలనీ రోడ్ల మీద గీతలే లేవు, దానికి దొరకవు, అది దాని తప్పు కాదు. రాత్రి వానలో ఎదుటి లైట్ల వెలుగుకు కాసేపు పోతోంది, మళ్లీ వస్తోంది. అద్దం లోపల తుడిచాక కొంత నయం. దీనికి ఇంకో ఎస్టిమేట్ తెచ్చుకునే ఓపిక లేదు, లేన్ అసిస్ట్ ఆఫ్‌లో పెట్టేశాను. ఎమర్జెన్సీ బ్రేక్, క్రూజ్ ఆన్‌లో ఉన్నాయి. క్రూజ్ పెట్టినా కాలు బ్రేకు మీదే ఉంటోంది. అమ్మ ఇప్పుడు వెనక సీట్లో నిద్రపోవడం మానేసింది.

మియాపూర్ శ్రీను | అక్టోబర్ 3, రాత్రి 8:44

వానాకాలం గడిచిపోయింది, యూ0235 మళ్లీ రాలేదు. నిన్న దసరా పూజలో దండ బానెట్ మీదే పరిచాం. కుంకుమ బొట్టు నంబర్ ప్లేటుకు పెట్టించాను. అమ్మ "దానికి మడి కూడానా" అంది.

ఉప్పల్ వంశీ | నవంబర్ 16, రాత్రి 11:30

థ్రెడ్ మొత్తం ఇప్పుడే చదివాను. నాకు వెనకవైపు బ్లైండ్ స్పాట్ పోయింది, కుడివైపు ఒక్కటే. వెనక రాడార్ మార్చాలి, 58,000 అంటున్నారు. వారంటీ అయిపోయి ఏడాది. ఏం చేయమంటారు?

ఆటోనగర్ అన్న | నవంబర్ 16, రాత్రి 11:34

కోడ్ ఏంటి తమ్ముడూ? వెనక బంపర్‌కు ఎప్పుడు పెయింట్ కొట్టించినవ్?